'హార్మోన్' మాట పుట్టించిన డాక్టర్.. నోబెల్ మాత్రం దక్కలేదు!

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించే ఇప్పుడు ఎక్కడ చూసినా చర్చ. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్, పేగులో పుట్టే ఓ హార్మోన్‌కు నకలు లాంటిది. అసలు పేగు హార్మోన్ తయారు చేస్తుందని మొదట చూపించింది ఎర్నెస్ట్ స్టార్లింగ్, ఆయన బావ విలియం బేలిస్.

స్టార్లింగ్ 1866లో లండన్‌లో పుట్టారు. తండ్రి ఉద్యోగం మన బొంబాయిలో.

జీర్ణరసాలు ఊరడం పూర్తిగా నరాల పనే అని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ వాదన. 1902 జనవరిలో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఈ బావాబావమరుదులు మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఓ భాగానికి నరాలు తెంచేసి, అందులో యాసిడ్ పోశారు. అయినా ప్యాంక్రియాస్ నుంచి రసం కారింది! అంటే కబురు రక్తంలో వెళ్తోందన్నమాట. పేగు లోపలి పొర గీకి, యాసిడ్‌తో నూరి, వడగట్టి రక్తనాళంలోకి ఎక్కించారు. మళ్లీ అదే జరిగింది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి రసాయనాలను 1905లో స్టార్లింగ్ హార్మోన్లు అన్నారు.

1904 నోబెల్ మాత్రం పావ్లోవ్‌కే. ఆయన పని చిన్నదేం కాదు గానీ, సెక్రెటిన్ విషయంలో చివరికి ఆయనా ఒప్పుకోక తప్పలేదు. స్టార్లింగ్‌ది నామినేషన్ల దగ్గరే ఆగిపోయింది.

1920లో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. 1927 మే 2న ఓడ ప్రయాణంలో జమైకా దగ్గర కన్నుమూశారు. ల్యాబ్‌లో తయారైన సెక్రెటిన్‌తో ప్యాంక్రియాస్ పరీక్షలు ఇప్పటికీ చేస్తున్నారు.