వంటకు అక్షరరూపమిచ్చిన విదుషి

పాకమును అరువది నాలుగు కళలలో చేర్చినవారు మన పూర్వులు. స్పెయిన్ దేశమున వంటకు అట్టి గౌరవమును తన రచనచే కల్పించిన విదుషి ఎమీలియా పార్దో బాసాన్. ఆమె వృత్తిచే వంటకత్తె కాదు. ఆ దేశపు నవలాకర్తలలో అగ్రగణ్యురాలు.

1851 సెప్టెంబరు 16వ తేదీన, గలీసియా ప్రాంతపు రేవుపట్టణమగు లా కొరూన్యాలో, కులీన కుటుంబమున ఏకైక సంతానముగా ఆమె జన్మించినది. విశ్వవిద్యాలయములు స్త్రీలకు ద్వారములు తెరువని దినములవి. ఇంటనున్న పుస్తకములే ఆమెకు గురువులైనవి. పదునారేండ్ల వయస్సున వివాహమైనది. 1883లో వెలువడిన 'లా త్రిబూనా' నవల కొరకు ఆమె పొగాకు కర్మాగారమునకు స్వయముగా పోయి, అందలి శ్రామిక స్త్రీల బ్రతుకును పరిశీలించినది. అదే కాలమున సాహిత్యములోని సహజవాదమును గూర్చి ఆమె వ్రాసిన వ్యాసములు దుమారము రేపినవి. రచన మానుమని భర్త కోరెను. ఆమె కలమును వీడలేదు, దంపతులు విడిపోయిరి.

1886 నాటి 'లోస్ పాసోస్ దె ఉల్యోఆ' నవల ఆమెకు శాశ్వతకీర్తి తెచ్చినది. శిథిలమగుచున్న ఒక జమీందారు ఇంటి కథ అది. అందు పెత్తనమంతయు వంటింటి పొయ్యి చుట్టు తిరుగుచుండును. వంటిల్లు ఒక సమాజమునకు అద్దమని ఆమె అప్పుడే గ్రహించినది.

1892లో ఆమె స్త్రీల కొరకు ఒక గ్రంథమాల నెలకొల్పి, స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి జాన్ స్టూవర్ట్ మిల్ రచించిన గ్రంథమును స్పానిష్ భాషలో వెలువరించినది. ఆశించిన ఆదరణ లభింపలేదు. తుదకు 1913లో అదే గ్రంథమాలయందు ప్రాచీన స్పానిష్ పాకమును గూర్చిన పుస్తకమును ప్రకటించినది. హక్కులను గూర్చి చదువని పాఠకులు వంటను గూర్చియైన చదువుదురేమో యను నిరాశ ఆమె పీఠికలో కనిపించును.

కాని ఆ పుస్తకము నిరాశతో ముగియలేదు. మ్యూజియములో భద్రపరచిన ఆయుధమునకు ఎంత చరిత్ర కలదో, పల్లెటూరి కుండలో ఉడుకు వంటకమునకును అంత చరిత్ర కలదని ఆమె విశ్వాసము. గలీసియా జానపద విజ్ఞానమును సేకరించు సంఘమునకు నాయకత్వము వహించిన ఆమెకు పాతవంటలును పాతపాటల వంటివే. వ్రాసి ఉంచనిచో నశించును. గలీసియా కుటీరములలోని 'కాల్దో' పులుసును గమనింపుడు. అందలి ఆకుకూర ఆ నేలది. బంగాళాదుంప అమెరికా ఖండమునుండి వచ్చినది. వాలెన్సియా వరియన్నము అరబ్బుల కానుక. ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క యుగము కరగియున్నది. ఈ పొందికను తరతరములుగా దిద్దినవారు పేరులేని గృహిణులు. వారి విద్యకు ఆమె గ్రంథస్థమగు గౌరవము కల్పించినది. తరువాత ఆధునిక పాకమును గూర్చియు వేరొక సంపుటము వెలువరించినది.

1889 మొదలు 1912 వరకు మూడు పర్యాయములు రాయల్ స్పానిష్ అకాడమీ ఆమెకు స్థానము నిరాకరించినది, స్త్రీయగుటయే అడ్డంకి. అయినను 1916లో మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించినది. 1921 మే 12వ తేదీన ఆమె మాడ్రిడ్‌లో కన్నుమూసినది. అకాడమీలో ఒక స్త్రీ ఆసీనురాలగుటకు 1979 వరకు వేచియుండవలసివచ్చినది.

విద్వత్సభ వాకిలి మూసినను ఆమె వంటింటిని చిన్నచూపు చూడలేదు. వంటింట పుట్టినదియు విద్యయే యని నిరూపించినది.