రోనాల్డు రాస్

మన రాజామున కుత్తరముననున్న పాలకొండ మన్యమునకుఁ బోయివచ్చువారికి చలిజ్వరభయ మెట్టిదో తెలియును. అది దోమవలన వ్యాపించునని తెలియుటకు మూలమైన దర్శనము మన తెలుఁగుదేశమున, సికిందరాబాదులో జరిగినది.

రాస్ 1857లో అల్మోరాలో జన్మించి, 1881లో ఇండియను వైద్యకొలువునఁ జేరెను. 1880లో లావెరాన్ రోగుల రక్తమునఁ గనుఁగొన్న పరాన్నజీవి నితఁడు మొదట నమ్మలేదు. 1894లో లండనున మాన్సన్ వైద్యుఁడు సూక్ష్మదర్శనిలో నెలవంకవంటి రూపములను చూపఁగా, తన తప్పు నొప్పుకొనెను. పండితులకిది సులభము కాదు. రోగినుండి దోమకుఁ బోవు దశ యా నెలవంకయే. సూక్ష్మదర్శని కందనంత తక్కువగా నున్నను, నేఁడు వానిని ఆర్.ఎన్.ఏ. అను అణువులఁబట్టి గుర్తించుచున్నారు. అట్టివాని రక్తము త్రాగిన దోమకును రోగ మంటవచ్చును.

రాస్ రెండేండ్లు తగని జాతి దోమలనే కోసి చూచి విసిగెను. 1897 ఆగస్టు 16న మచ్చలఱెక్కల దోమలను హుసేన్ ఖానను రోగిచేఁ గఱపించెను. కాటున కొక అణా కూలి! ఆతనికి బిరుదులు రాలేదు గాని, మేమాతనిని మఱవఁజాలము. 20వ తేదిని ఒక దోమ కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కానవచ్చెను. దేవునిఁ దలఁచి రాస్ పద్యము వ్రాసికొనెను.

1898లో కలకత్తాలో పక్షులయందు శోధించి, ఆ జీవి దోమ లాలాజలగ్రంథులకుఁ జేరి కాటుచే వ్యాపించుననియుఁ జూపెను. 1902లో నోబెల్ బహుమానమొందెను, 1932లో మరణించెను. బేగంపేటలో నాతఁడు పనిచేసిన భవనము నేఁటికిని నిలిచియున్నది.