విప్పి చూసిన రైతుబిడ్డ - జి.డి. నాయుడు
(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి, నానక్‌రామ్‌గూడ)



మహనీయుల జీవిత చరిత్ర అనగానే మనం పెద్ద పెద్ద డిగ్రీలు పొందిన వారిని తలచుకుంటాం. నేను మాత్రం ప్రాథమిక పాఠశాల మెట్టు కూడా సరిగా దాటని ఒక రైతుబిడ్డ గురించి రాయబోతున్నాను. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే కోయంబత్తూరులో తెలియని వారుండరు. ఆయన ఇంటి భాష తెలుగు అన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. నాకూ రెండేళ్ళ కిందటి దాకా తెలియదు. అది నాకు క్లాసులో తెలియలేదు. మా ఇంటి వాకిట్లో, ఒక పాత కారింజను పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు తెలిసింది.

మాది నానక్‌రామ్‌గూడ. ఆ పేరు చెప్తే ఇప్పుడు అందరికీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. 2019లో అమెజాన్ వారి పెద్ద కార్యాలయం తెరిచింది అక్కడే. కానీ రంగనాథస్వామి గుడి ఉన్న పాత ఊళ్ళో మాలాంటి వ్యవసాయ కుటుంబాల ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మా పొలం పోయింది. తాత కొన్న ప్రీమియర్ పద్మిని కారు మాత్రం మిగిలింది. తాత పోయిన తర్వాత అది వేపచెట్టు కింద ఏళ్ళ తరబడి కదలలేదు. పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేద్దామని నాయిన అంటే, ఒక్కసారి ఇంజను విప్పి చూస్తానన్నాను. విప్పుడు సరే, మళ్ళ బిగించుడు వస్తదా అని నాయిన అడిగిండు. నా దగ్గర జవాబు లేదు.

లారీ షెడ్డులో పనిచేసే నా చిన్ననాటి దోస్తు, ఆర్టీసీలో మెకానిక్కుగా రిటైరైన వాళ్ళ పెదనాయిన నాకు తోడొచ్చారు. మొదటి రోజు బోల్టులు రాక నేను విసుక్కుంటుంటే, ఆ పెద్దాయన బీడీ ఆర్పి, నాయుడు గారి మోటారు సైకిలు కథ చెప్పారు. ఆ తర్వాత నాయుడు గారి గురించి దొరికినదల్లా చదివాను.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో జన్మించారు. తరాల కిందట తెలుగు నేల నుంచి తమిళ దేశానికి వలసపోయి, అక్కడే సేద్యం చేసుకుంటూ స్థిరపడిన కుటుంబం వారిది. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లి పారిపోయేవారని కూడా చెప్పుకుంటారు. చదువు మూడో తరగతితోనే సరి. బడి మానేసినా పుస్తకం మానలేదు. పొలం పనులు చేస్తూ తమిళ పుస్తకాలు తనంతట తానే చదువుకున్నారు.

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద ఆ ఊరికి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! అది చూసిన కుర్రవాడికి నిద్ర పట్టలేదు. కొనడానికి డబ్బు లేదు. పొలం వదిలి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. మూడేళ్ళ పాటు పైసా పైసా కూడబెట్టి, సుమారు 300 రూపాయలతో ఆ బండినే కొన్నారని చెబుతారు.

ఇక్కడే అసలు విశేషం ఉంది. అంత కష్టపడి కొన్నవాడెవరైనా ముందు దాని మీద ఎక్కి ఊరంతా తిరుగుతాడు. నాయుడు గారు దాన్ని ముక్కముక్కగా విప్పేశారు. లోపల ఏది తిరుగుతోంది, దేన్ని తిప్పుతోంది అని చూసి, మళ్ళీ బిగించారు. నేర్పే గురువు లేడు, తరగతి గది లేదు. ఆ బండే ఆయనకు పాఠ్యపుస్తకం, ప్రయోగశాల కూడా.

ఈ మాట రాయడం సులువు. చేయడం ఎంత కష్టమో నాకు మా పద్మిని నేర్పింది. అది నాలుగు సిలిండర్ల ఇంజను, 1089 సి.సి. హెడ్డు ఊడదీసే ముందు పుష్ రాడ్లన్నీ బయటికి తీసి, శుభ్రం చేద్దామని ఒకే కిరసనాయిలు డబ్బాలో పడేశాను. పెద్దాయన చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు: ఒక్కొక్క రాడ్డూ ఏళ్ళ తరబడి తన జాగాలో తాను అరిగి ఉంటుంది, అందుకే దేని జాగాలో దాన్నే పెట్టాలి. అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి, నంబర్లు వేసి, వరుసగా గుచ్చాలి. అప్పటికే కలిసిపోయాయి. ఎనిమిదింటినీ గాజు పలక మీద దొర్లించి వంకర చూసుకుంటూ, కొనలు పట్టి చూసుకుంటూ రెండు రోజులు కూర్చున్నాం. ఒకటి వంగి ఉంది. దాని బదులు రాణీగంజ్‌లో తిరిగి తిరిగి తెచ్చాం. అరుగుదల గురించి నేను పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా అరుగుదల అంటే ఏమిటో వేలికి తగిలింది మాత్రం ఆ రోజే.

నాయుడు గారికీ దెబ్బలు తగిలాయి. మెకానిక్కుగా పనిచేసి, తర్వాత పత్తి వ్యాపారంలో దిగి, బొంబాయిలో సంపాదించినదంతా పోగొట్టుకున్నారు. చేతులూపుకుంటూ తిరిగొచ్చినా, ఇంజను గురించి ఆ చేతులకు తెలిసినది ఎక్కడికీ పోలేదు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆయనను నమ్మి సాయపడ్డాడు. 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలైంది. ఆ బస్సును నాయుడు గారే నడిపారు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థగా పెరిగి, దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

తర్వాత ఆయన యూరపు, అమెరికా దేశాలు తిరిగారు. సరదాకు వెళ్ళినట్టు లేదు, అక్కడా విప్పి చూడటానికే వెళ్ళినట్టుంది. బ్యాటరీ మీద నడిచే రసాంట్ అనే గడ్డం గీసుకునే యంత్రం, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటింగు యంత్రం, ఇలా ఆయన చేసినవాటి జాబితా చాలా పెద్దది.

వాటన్నిటిలో నా దృష్టిలో గొప్పది 1937 నాటి విద్యుత్ మోటారు. 1930ల మొదట్లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. కరెంటు వచ్చినా, మోటార్లు మాత్రం విదేశాల నుంచి రావలసిందే. అప్పుడు డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, పీలమేడులో జి.డి. నాయుడు గారు మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు అదేనంటారు. బాలసుందరం గారు తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పుట్టినిల్లయింది. మోట కొట్టి కొట్టి ఎద్దులూ మనుషులూ అలిసిపోయిన ఇళ్ళలో పుట్టిన వారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. మా బావి మీద ఉండిన మోటారు రేకు మీద కూడా కోయంబత్తూరు అనే రాసి ఉండేది. చిన్నప్పుడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఇప్పుడు ఆ బావీ లేదు, మోటారూ లేదు.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1952లో రెండు వేల రూపాయలకే అందేలా ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది రోడ్ల మీదికి రాలేదు. అంతకు ముందు, 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో ఇంజనీరింగు విద్యాసంస్థల స్థాపనకు ముందు నిలిచి, ప్రిన్సిపాలుగా కూడా పనిచేశారు. నాలుగేళ్ళ చదువు కాలహరణమని, రెండేళ్ళు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. మూడో తరగతి చదివినవాడు ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాలు కావడం ఒక వింతైతే, నచ్చక కుర్చీ వదిలి రావడం ఇంకో వింత.

ఈ విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. ఇనుము వేడికి ఎందుకు సాగుతుందో, హెడ్డు బోల్టులు నడిమి నుంచి అంచులకు వరుసగా ఎందుకు బిగించాలో తెలియాలంటే పాఠమూ కావాలి. పెద్దాయనకు వరుస తెలుసు. ఒకచోట ముందే బిగిస్తే హెడ్డు సమంగా కూర్చోక, గ్యాస్కెట్టు మీద ఒత్తిడి తేడా వస్తుందని నేను కాగితం మీద గీసి చూపించాను. ఆయన తలూపి, ఇన్నేళ్ళకు సంగతి అర్థమైందన్నారు. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఇంతవరకు రాలేదు. కానీ ప్రయోగం చేయకుండానే రికార్డులో రీడింగులు ఎక్కించే అలవాటు మనలో లేదా? నాయుడు గారి కోపం దాని మీదే అయితే, నేను తల వంచుకోవలసిందే.

యంత్రాల్లో ఇంత మునిగినా ఆయన మట్టిని మరచిపోలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద సొంత పొలంలో ప్రయోగాలు చేశారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య వంటి పెద్దలు ఆ పొలం చూడటానికి వచ్చారు. 1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. 2015లో ఆయన కుటుంబం వారు కోయంబత్తూరులో పాత కార్ల మ్యూజియం తెరిచారు. 2025లో అక్కడి అవినాశి రోడ్డు మీద సుమారు పది కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరు పెట్టారు.

ఇక మా ఇంజను సంగతి. అంటుకుపోయిన రింగులు మార్చి, వాల్వులు రుద్ది, ఫీలర్ గేజితో టాపెట్లు సరిచేసి, ఒక ఆదివారం సాయంత్రం తాళం తిప్పాం. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. నల్లటి పొగ వేపచెట్టంతా కమ్మేసింది. ఆయిలు ఇంకా ఒకచోట కారుతోంది, అది నా బిగింపు లోపమే. నాయిన ఏమీ అనకుండా వచ్చి, తాత కూర్చునే సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు వేసి చాలాసేపు ఉండిపోయిండు. పాత ఇనుము మాట మళ్ళీ ఎత్తలేదు.

మిత్రులారా! మీ ఇంట్లోనూ ఒక మూల పడి ఉన్న మోటారో, రేడియోనో, కుట్టుమిషనో ఉండే ఉంటుంది. ఈ సెలవుల్లో దాన్ని విప్పి చూడండి. తెలిసినవాళ్ళను అడగడానికి సిగ్గుపడకండి. విప్పే ముందు మాత్రం అట్టముక్కకు చిల్లులు పొడిచి నంబర్లు వేసుకోవడం మరవకండి.