డెమోస్తనీస్

డెమోస్తనీస్ (క్రీ.పూ. 384 - క్రీ.పూ. 322) ప్రాచీన గ్రీసులోని ఏథెన్సు నగరానికి చెందిన రాజనీతిజ్ఞుడు, సుప్రసిద్ధ వక్త. మాటలోని లోపాన్ని స్వయంకృషితో అధిగమించినవాడిగా ప్రసిద్ధి పొందాడు.

బాల్యము

ఈయన తండ్రి పేరు కూడా డెమోస్తనీసే. తండ్రికి కత్తులు, మంచాలు తయారుచేసే కార్ఖానాలు ఉండేవి. ఈయన ఏడేళ్ళ వయసులో తండ్రి మరణించగా, ఆస్తి నిర్వహణ ముగ్గురు సంరక్షకుల చేతికి వెళ్ళింది. వారు అందులో అధికభాగం కాజేశారు. ఏథెన్సు న్యాయస్థానాలలో సాధారణంగా కక్షిదారే స్వయంగా వాదన వినిపించుకోవలసి ఉండేది. కనుక ఆస్తి దక్కాలంటే నలుగురి ముందు మాట్లాడక తప్పలేదు. ఐసయస్ అనే గురువు వద్ద శిక్షణ పొంది, ఇరవై ఏళ్ళ ప్రాయంలో దావా వేసి గెలిచాడు. అయినా తిరిగి రాబట్టుకోగలిగింది కొంత భాగమే.

ఉచ్చారణ సాధన

ప్లూటార్క్ రచన ప్రకారం, ప్రజాసభలో ఈయన తొలి ప్రసంగాన్ని జనం గేలి చేశారు. గొంతు బలహీనం, ఉచ్చారణ అస్పష్టం. ఊపిరి చాలక వాక్యాలు మధ్యలో తెగిపోయేవి. రకారం పలకలేకపోయేవాడని సిసిరో పేర్కొన్నాడు. వక్తృత్వ కళకు గ్రీకులో గల పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

నిరాశతో ఉన్న ఈయనకు సటైరస్ అనే నటుడు ఒకే పద్యభాగాన్ని భావయుక్తంగా చదివి, పలికే తీరులోని ప్రాధాన్యాన్ని తెలియజెప్పాడు. అటుపై డెమోస్తనీస్ నేలమాళిగలో సాధన ప్రారంభించాడు. బయటికి పోకుండా సగం తల గొరిగించుకునేవాడట. నోట్లో గులకరాళ్ళు ఉంచుకుని మాట్లాడడం, ఎత్తు ఎక్కుతూ ఒక్క ఊపిరిలో పద్యాలు చదవడం, నిలువుటద్దం ముందు అభ్యసించడం ఈయన పద్ధతులు. ఈ వివరాలను వృద్ధాప్యంలో ఉన్న డెమోస్తనీస్ నుండి విన్నట్లు ఫాలెరానుకు చెందిన డెమెట్రియస్ చెప్పాడని ప్లూటార్క్ వ్రాశాడు.

ఈయన లోపం నత్తియా, కేవలం ఉచ్చారణ దోషమా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. గులకరాళ్ళ పద్ధతి గొంతుకు అడ్డుపడే ప్రమాదం గలది. ఊపిరి నియంత్రణ, నిదానంగా బిగ్గరగా చదవడం మాత్రం నేటి వాక్ చికిత్సలోనూ కనిపిస్తాయి.

రాజకీయ జీవితము

క్రీ.పూ. 351 నుండి మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్‌కు వ్యతిరేకంగా ప్రసంగాలు చేశాడు. క్రీ.పూ. 338లో కైరోనియా యుద్ధంలో ఏథెన్సు ఓడిపోయింది. క్రీ.పూ. 330లో కిరీటం వివాదంలో చేసిన ప్రసంగంతో ప్రత్యర్థి ఎస్కినీసును ఓడించాడు. ముందుగా సిద్ధం కాకుండా ఈయన అరుదుగా మాట్లాడేవాడు. అందుకు ప్రత్యర్థులు ఎగతాళి చేసినా ఆ అలవాటును విడువలేదు.

మరణము

క్రీ.పూ. 322లో మాసిడోనియా సేనాని ఆంటిపేటర్ పంపిన మనుషులకు చిక్కకుండా, కలౌరియా ద్వీపంలోని పొసైడన్ ఆలయంలో విషం తీసుకుని మరణించాడు. సుమారు నలభై ఏళ్ళ తరువాత ఏథెన్సు ప్రజలు ఈయన కంచు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.