కుంభకోణం నుంచి విశాఖకు: పదిహేడేళ్ల రామానుజన్



డిసెంబరు 22 వస్తే జాతీయ గణిత దినోత్సవం. మీ అమ్మాయో అబ్బాయో చార్టు మీద శ్రీనివాస రామానుజన్ ఫొటో అతికించి, పక్కన 1729 కథ రాసి, రాత్రి పదకొండింటికి మీచేత స్కెచ్ పెన్నులు వెతికించే ఉంటారు. ఈ నెల ఆ చార్టులో చోటు దొరకని రామానుజన్ గురించి చెప్పుకుందాం. పరీక్ష తప్పిన కుర్రాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయిన కుర్రాడు. వెళ్లింది ఎక్కడికో కాదు, మన విశాఖపట్నానికే.

రామానుజన్ 1887లో ఈరోడ్‌లో పుట్టాడు, పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ చీరల కొట్లో గుమాస్తా. నెలకు 20 రూపాయల జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుళ్లో భజనలు పాడి నాలుగు రూపాయలు తెచ్చేది. ఇల్లు నడిపేది, పిల్లవాడి సంగతి చూసేది ఆవిడే.

చిన్న తరగతుల్లో ఒకసారి లెక్కల పరీక్షలో రామానుజన్‌కు 45కి 42 వచ్చాయి. పక్కన కూర్చునే స్నేహితుడికి 43. ఆ ఒక్క మార్కుకు స్నేహితుడితో మాట్లాడటం మానేసి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. దీన్ని చిన్నతనం అని వదిలేయవచ్చు. కానీ తర్వాత జరిగింది చూడండి. హైస్కూల్లో ఉండగా త్రికోణమితిలో తనంతట తాను కొన్ని ఫలితాలు కనిపెట్టాడు. ఎంత పొంగిపోయి ఉంటాడో! కొన్నాళ్లకు తెలిసింది, అవి నూట యాభై ఏళ్ల క్రితమే ఎవరో కనిపెట్టేశారని. ఆ కాగితాలను తీసుకెళ్లి ఇంటి కప్పులో దాచేశాడు. మనమైతే భుజం తట్టేవాళ్లం. అంత పెద్ద గణితవేత్తలు చేసిన పని ఈ వయసులో సొంతంగా చేశాడంటే మాటలా? వాడికి మాత్రం అది తలెత్తుకోలేని అవమానం.

ఇక్కడ కొంచెం ఆగుదాం. టీనేజిలో మెదడు అంతా ఒకే వేగంతో ఎదగదు. ఆనందం, ఆశ, భయం, సిగ్గు వీటికి సంబంధించిన లోపలి భాగాలు యుక్తవయసు మొదలవగానే చురుకెక్కుతాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ఆగి ఆలోచించేది, రేపేమవుతుందో లెక్కవేసేది, ఆవేశానికి బ్రేకు వేసేది, నిదానంగా ఎదుగుతుంది. దాని పని పూర్తయ్యేసరికి ఇరవై దాటి మరికొన్నేళ్లు పడుతుంది. ఈలోగా వాడని నరాల కలయికలు తగ్గిపోతుంటాయి, వాడేవి గట్టిపడుతుంటాయి. అందుకే ఈ వయసులో పట్టుకున్న ఇష్టం అంత లోతుగా పాతుకుంటుంది. తోటివాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారన్న దానికి కూడా ఈ వయసు మెదడు పెద్దవాళ్ల మెదడు కంటే ఎక్కువగా చలిస్తుంది. మనకు ఒక్క మార్కే కనిపిస్తుంది, వాళ్లకు క్లాసంతా తన వైపే చూస్తున్నట్టు ఉంటుంది.

మళ్లీ కుంభకోణానికి వెళదాం. 1903లో, పదిహేనేళ్లు నిండిన రామానుజన్ చేతికి కార్ అనే ఇంగ్లీషు ట్యూటర్ రాసిన గణిత సంగ్రహం వచ్చింది. వేల సూత్రాలు, రుజువులు మాత్రం నామమాత్రం. ఆ రుజువులు తనే వెతకడం మొదలుపెట్టాడు. 1904లో స్కూలు ముగిసేటప్పటికి గణితంలో రంగనాథరావు బహుమతి వచ్చింది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చింది. ఊళ్లో పేరు. ఇంట్లో ఆశలు.

కాలేజీలో చేరాక ఇంగ్లీషు, చరిత్ర, శరీరశాస్త్రం ఏవీ పట్టలేదు. ఏ క్లాసులో కూర్చున్నా నోటుబుక్కులో లెక్కలే. ఇంగ్లీషులో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. కోమలతమ్మాళ్ ఊరుకోలేదు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, లెక్కల్లో ఇలాంటి పిల్లవాడు మీకెక్కడ దొరుకుతాడని నిలదీసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు కానీ రూలు రూలే అన్నాడు. ఫీజు టర్ముకు 32 రూపాయలు. అంటే తండ్రి నెలన్నర జీతం.

ఈ లెక్క ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినబడి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఫీజు రసీదు చేతిలో ఉన్నప్పుడు మన నోళ్లు కూడా ఊరుకోవు.

కొన్ని నెలలు కాలేజీకి వెళ్తూ నెట్టుకొచ్చాడు. 1905 ఆగస్టులో, ఎవరికీ చెప్పకుండా, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖపట్నం వెళ్లిపోయాడు. అప్పటికి పదిహేడేళ్లు. ఇంట్లోవాళ్లు ఊరూరా వెతికారు. సెప్టెంబరు మొదట్లో హిందూ పత్రికలో తప్పిపోయిన బాలుడి గురించి ప్రకటన పడింది. ఆ నెలలోనే ఇంటికి చేరాడు.

తొలినాటి జీవితచరిత్రకారులు దీన్ని తాత్కాలిక మతిభ్రమణం అన్నట్టు రాశారు. నాకు ఆ మాట నచ్చదు. ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాసుకోవచ్చని, ఫీజు ఎక్కడో సర్దుబాటు చేసుకోవచ్చని అంత తెలివైన కుర్రాడికి తెలియదా? తెలుసు. పదహారు, పదిహేడేళ్లకు ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే పిల్లలు మనంత బాగానే ఆలోచించగలరు. మనసు కుతకుతలాడుతున్నప్పుడే ఆ ఆలోచన చేతికి అందదు. అప్పుడు ఈ గంట గడిస్తే చాలు, ఈ ముఖాల నుంచి తప్పించుకుంటే చాలు అనిపిస్తుంది. పోయిన మనిషిని పరీక్షించి రోగం పేరు పెట్టలేం కానీ, ఆ వయసు పిల్లల తల్లిదండ్రులకు ఈ స్థితి కొత్త కాదు.

అందుకే రిజల్ట్ వచ్చిన సాయంత్రం చాలా ముఖ్యం. ఆ పూట కాలేజీ మార్పు గురించి, ఫీజు గురించి, పక్కింటి పిల్లల ర్యాంకుల గురించి ఎంత న్యాయమైన మాట చెప్పినా లోపలికి వెళ్లదు. వినే మెదడు ఇంకా వేడిగా ఉంటుంది. అన్నం పెట్టండి, దగ్గర కూర్చోండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. బతకాలని లేదు, ఎక్కడికైనా పోతాను అనే మాట నోటి వెంట వస్తే బెదిరింపు అనుకుని కొట్టిపారేయకండి. అదేంటని నేరుగా, నెమ్మదిగా అడగండి. ఆ రోజే డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించండి. టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మార్కుల సంగతి రెండు రోజుల తర్వాత మాట్లాడుకోవచ్చు.

తిరిగొచ్చిన రామానుజన్ వెంటనే దారిలో పడ్డాడా అంటే, లేదు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. మూడు గంటల లెక్కల పేపరు అరగంటలో రాసేసేవాడు, శరీరశాస్త్రంలో తప్పాడు. మరుసటి ఏడు మళ్లీ తప్పాడు. డిగ్రీ చేతికి రాలేదు. ఇది చదివి మావాడూ ఇంగ్లీషు వదిలేసి లెక్కలే చేసుకుంటాడులే అనుకోకండి. చదువు ఆగిపోయిన ఆ ఏళ్లలో అతను ఆకలితో ఉన్న రోజులు ఉన్నాయి, ఒళ్లు పాడైన రోజులు ఉన్నాయి.

అతని దారి మార్చినవాళ్లలో ఒకరు నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చిన కుర్రాణ్ణి మొదట నమ్మలేకపోయాడు. అయినా మళ్లీ రానిచ్చాడు, మళ్లీ విన్నాడు. చివరికి నెలకు 25 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1911లో తొలి పరిశోధన పత్రం అచ్చయింది. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం. 1913 జనవరిలో కేంబ్రిడ్జికి, హార్డీకి ఉత్తరం. ఆ తర్వాతి కథ మీ పిల్లల చార్టుల మీద ఉంది.

ఒక్క సంగతి మాత్రం చార్టుల మీద ఉండదు. హార్డీ రమ్మని పిలిచినప్పుడు రామానుజన్ వెంటనే బయలుదేరలేదు. సముద్రం దాటడం ఆచారానికి విరుద్ధం, తల్లి ఒప్పుకోలేదు. ఏడాదికి పైగా ఆగాడు. కులదైవం నామగిరి అమ్మవారు కలలో కనిపించిందని చెప్పి కోమలతమ్మాళ్ చివరకు సరేనంది. తన పిలక తీసేసి, కోటూ బూటూ వేసుకున్న వేషం తల్లి, భార్య చూసి తట్టుకోలేరని ముందే ఇద్దరినీ కుంభకోణం పంపేశాడు. 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఈసారి ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు.