పక్కింటి పిల్లవాడి బొమ్మ విమానం: రెజినాల్డ్ డెన్నీ జీవితం

మిరప చేలకు మందు కొట్టడానికి ఇప్పుడు డ్రోన్ వస్తోంది. గట్టు మీద నిలబడిన కుర్రవాడు మెడకు తగిలించుకున్న రేడియో పెట్టె మీద రెండు పుల్లలు కదిలిస్తుంటే, పది లీటర్ల మందు మోసుకుని ఆ యంత్రం సాళ్ల మీదుగా అటూ ఇటూ తిరుగుతుంది. ఎకరానికి పది నిమిషాలు చాలు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను మాడ్చినప్పుడు మందు మీద మందు కొట్టి భుజాలు పడిపోయినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ యంత్రానికి తాతముత్తాతలు అనేకమంది ఉన్నారు. వారిలో ఒకరు శాస్త్రజ్ఞుడూ కాదు, ఇంజనీరూ కాదు. హాలీవుడ్‌లో హాస్యపాత్రలు వేసిన సినీనటుడు. పేరు రెజినాల్డ్ డెన్నీ. పాత ఇంగ్లీషు సినిమాలు చూసినవారికి ముఖం గుర్తుండవచ్చు గాని, ఆయనకు బొమ్మ విమానాల కొట్టు ఉండేదని, ఆ కొట్టు నుంచే రేడియోతో నడిచే విమానాలు వేల సంఖ్యలో తయారయ్యే స్థితి వచ్చిందని తెలిసినవారు తక్కువ.

డెన్నీ 1891 నవంబరు 20న ఇంగ్లండులో లండన్‌కు దగ్గరగా ఉన్న రిచ్‌మండ్‌లో జన్మించారు. అసలు ఇంటిపేరు డగ్‌మోర్. తండ్రి డబ్ల్యు.హెచ్. డెన్నీ అనే పేరుతో సంగీత నాటకాల్లో ప్రసిద్ధి పొందిన నటుడు. రంగస్థలం మీద పెట్టుకున్న ఆ పేరే కొడుక్కూ అంటుకుంది. ఏడెనిమిదేళ్ల వయసులోనే ఆయన ముఖానికి రంగు వేసుకున్నారు. పదహారో ఏట చదువు మానేశారు. 1911లో ఒక నాటక బృందంతో అమెరికా వెళ్లారు. ఆ తరువాత బాండ్‌మన్ ఒపెరా కంపెనీలో గాయకుడిగా చేరి మన దేశానికీ, తూర్పు దేశాలకూ వచ్చారు. మన సురభి నాటక సమాజాలవారు సామాను బండ్లకెత్తుకుని ఊరూరా తిరిగినట్టే ఈ కంపెనీవారు ఓడల్లో, రైళ్లలో నగరం తరువాత నగరం తిరిగేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. డెన్నీ బ్రిటిష్ వైమానిక దళంలో చేరారు. గాలి రుచి తగిలింది అక్కడే. బాక్సింగ్‌లోనూ మంచి చేయి. యుద్ధం ముగిశాక అమెరికా చేరి సినిమాల్లో స్థిరపడ్డారు. 1922లో మొదలైన బాక్సింగ్ కథల చిత్రాలు ఆయనకు పేరు తెచ్చాయి. ఆ మూకీ రోజుల్లో యూనివర్సల్ కంపెనీ హాస్య చిత్రాల్లో ఆయనే కథానాయకుడు. చేతినిండా డబ్బు, మనసునిండా విమానాలు. యుద్ధకాలం నాటి సాప్‌విత్ స్నైప్ విమానాన్ని కొనుక్కుని తిరిగినవాడు ఆయన.

తరువాత టాకీలు వచ్చాయి. మూకీలో అచ్చమైన అమెరికా కుర్రవాడుగా కనిపించిన మనిషి నోరు తెరిస్తే ఇంగ్లండు యాస బయటపడింది. కథానాయకుడి పాత్రలు తగ్గి స్నేహితుడి పాత్రలు, దొరబాబు పాత్రలు మిగిలాయి. అవి కూడా బాగానే చేశారు. అయితే తీరిక పెరిగింది.

పక్కింటి కుర్రవాడు

1930ల తొలి సంవత్సరాల్లో ఒకనాడు ఇంటి బయట తుమ్మెద రొదలాంటి చప్పుడు వినిపించి డెన్నీ బయటికి వచ్చారు. పక్కింటి కుర్రవాడు చిన్న పెట్రోలు ఇంజను బిగించిన బొమ్మ విమానాన్ని ఎగరేయాలని తంటాలు పడుతున్నాడు. యుద్ధంలో పనిచేసిన వైమానికుడు పక్కన ఉండగా పిల్లవాడికి సాయం చేయకుండా ఎలా ఉంటారు? రెక్కలు, తోక సరిచేసి వదిలారు. అది కాస్త లేచి నేలకు కొట్టుకుని ముక్కలైంది. పిల్లవాడి ముఖం చూడలేక ఇంకొకటి చేసి ఇస్తానని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుదల తీర్చడానికి కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదనే చెప్పాలి.

1934లో పాల్ విట్టియర్ అనే భాగస్వామితో కలిసి సంస్థ పెట్టి బొమ్మ విమానాల కొట్టు తెరిచారు. విట్టియర్‌లది నూనె బావుల కుటుంబం. పేరుపొందిన నటుడు కొట్టు పెట్టాడంటే జనం చూడ్డానికైనా వస్తారు. వచ్చినవారిలో ఎక్కువమంది బడి పిల్లలు. వారికోసం డెన్నీప్లేన్ అనే పెద్ద నమూనా, డెన్నీ జూనియర్ అనే చిన్న నమూనా అమ్మేవారు. వాల్టర్ రైటర్ అనే ఇంజనీరు రూపొందించిన డెన్నీమైట్ అనే చిట్టి ఇంజను కూడా ఆ కొట్టులో దొరికేది. ఇప్పుడు లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నచోట అప్పట్లో మైన్స్ ఫీల్డ్ అనే మైదానం ఉండేది. ఆ మైదానంలో జరిగే పోటీలకు కుర్రవాళ్లు తమ డెన్నీ విమానాలు పట్టుకుని వచ్చేవారు.

ఆ ఆట ఎలా సాగేదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రెక్కలకు బాల్సా కర్ర వాడేవారు. బాల్సా మన బూరుగుకు దూరపు చుట్టం, అంతకన్నా తేలిక. దాని మీద పలుచని కాగితమో పట్టుగుడ్డో అంటించి బిగువు రావడానికి పూత పూసేవారు. ఇంజనులో నిప్పురవ్వ కోసం చిన్న బ్యాటరీ, కాయిల్. చేతితో పంఖా తిప్పి ఇంజను అందుకోగానే వదిలేయడమే. ఆపైన దాని మీద మనిషికి ఏ అధికారమూ లేదు. తోక కొంచెం వంచి పెడితే గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది. వడగాలి పొర తగిలితే గద్దలాగా తేలిపోతుంది. నెలలపాటు కూర్చుని చేసిన విమానం మైదానం దాటి, ఇళ్లు దాటి, కంటికి కనిపించకుండా పోయేది. అందుకని ఇంధనం కొలిచి కొంచెమే పోసేవారు. అది తీరగానే ఇంజను ఆగి విమానం జారుకుంటూ దిగుతుంది. దిగినచోటికి పరుగు. ఎవరి పొలంలో పడిందో, ఎవరి ఇంటికప్పు మీద వాలిందో! సంక్రాంతికి గాలిపటం దారం తెగినప్పుడు వెంట పరుగెత్తిన ప్రతివాడికీ ఆ బాధ తెలుసు.

అందుకే విమానాన్ని రేడియోతో నడపాలన్న ఆలోచన ఒక్కరిది కాదు. మిచిగాన్ రాష్ట్రంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ఎనిమిది అడుగుల రెక్కల విమానానికి రేడియో బిగించి 1937లో ఎగరేశారు. అమెరికాలో ఈ ఆటగాళ్ల జాతీయ సంఘం అంతకు ముందు ఏడాదే, 1936లో ఏర్పడింది. ఒకే తరంగం మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు తెరిస్తే ఒకరి పెట్టె ఇంకొకరి విమానాన్ని కూలుస్తుంది. అందుచేత తరువాత రోజుల్లో ఏ క్లబ్బు మైదానంలోనైనా ముందు ఒక చెక్క పలక కనిపించేది. ఏ తరంగం వాడతాడో ఆ గుర్తు బిళ్ల పలక మీద నుంచి తీసుకున్నవాడే పెట్టె తెరవాలి. బిళ్ల వేరొకరి దగ్గర ఉంటే ఆగాలి. సాగునీటి కాలవ మీద వంతు పెట్టుకోవడం లాంటిదే ఇది. వంతు తప్పినవాడి వల్ల నష్టం పక్కవాడికి. ఇప్పటి కొత్త రేడియోలు ఖాళీ తరంగాన్ని తామే వెతుక్కుంటాయి గనుక ఆ పలకల అవసరం చాలావరకు తీరిపోయింది.

గురి

గుడ్ సోదరులు ఆటను ఆటగానే ఉంచారు. డెన్నీ దారి మారింది. విమానాలను కూల్చే ఫిరంగివాళ్లకు అప్పట్లో గురి నేర్పడానికి ఒక విమానం వెనుక పొడుగాటి తాడు కట్టి, దాని చివర గుడ్డతో చేసిన గొట్టాన్ని ఈడ్చేవారు. అది తిన్నగా, ఒకే వేగంతో పోతుంది. నిజమైన శత్రు విమానం అలా పోదు కదా! పైగా గురి తప్పితే ముందున్న మనిషి ప్రాణానికి ముప్పు. తన కొట్టులోని బొమ్మను పెద్దది చేసి రేడియోతో మలుపులు తిప్పిస్తే ఫిరంగివాళ్లకు సరైన గురి దొరుకుతుందని డెన్నీకి తట్టింది. 1935లో పని మొదలుపెట్టారు.

అది తేలికగా అయిన పని కాదు. రేడియో నిపుణుడు కెన్నెత్ కేస్ జతకలిశారు. మొదటి నమూనాతో సైన్యానికి తృప్తి కలగలేదు. రెండోది, మూడోది కూడా చేశారు. డెన్నీ పగలు సినిమాలో వేషం కట్టి, ఆ సంపాదనను ఈ పనిలో పోస్తూ వచ్చారు. పత్తి మీద పెట్టుబడి పెట్టి కాయ పగిలేదాకా ఆకాశం వంక చూసే రైతుకు ఆ నాలుగైదేళ్ల సంగతి ఊహించుకోవడం కష్టం కాదు. 1939లో రేడియోప్లేన్ కంపెనీ ఏర్పడింది. నాలుగో నమూనాను సైన్యం ఒప్పుకుంది. 1940లో మొదట కొన్నది 53 విమానాలు మాత్రమే.

ఓక్యూ-2 అని పేరుపెట్టిన ఆ విమానానికి పన్నెండు అడుగుల చిల్లర రెక్కలు, ఆరేడు గుర్రాల బలం గల రెండు సిలిండర్ల ఇంజను. బరువు 47 కిలోల దాకా. గంటకు దాదాపు 137 కిలోమీటర్ల వేగం. ముక్కు దగ్గర రెండు పంఖాలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. ఒంటి పంఖా అయితే అంత తేలిక విమానాన్ని ఒక పక్కకు మెలిపెడుతుంది. వడిసెలలో రాయిని విసిరినట్టు దాన్ని గాలిలోకి విసిరి ఎగరేసేవారు. నేల మీద ఉన్న మనిషి చేతిలో చిన్న పుల్ల. అటూ ఇటూ నొక్కితే చుక్కాని, ముందుకూ వెనక్కూ నొక్కితే తోక రెక్క. పని అయ్యాక, లేదా రేడియో అందకుండా పోతే, ఇరవై నాలుగు అడుగుల పారాచూట్ విచ్చుకుని విమానం మెల్లగా కిందికి దిగుతుంది. మైన్స్ ఫీల్డ్‌లో కుర్రవాళ్లను ఏడిపించిన తప్పిపోయే విమానం సమస్యకు దొరికిన మందు ఇది. ఇప్పటి డ్రోన్ రేడియో అందకపోతే బయలుదేరినచోటికి తానే తిరిగివస్తుంది. దాని వెనుక ఉన్న బెంగ మాత్రం పాతదే.

బ్రిటిష్ వారు మన ప్రకాశం సీమలోని దొనకొండలో విమాన మైదానం కట్టింది ఆ యుద్ధకాలంలోనే. ఊరిమీదికి విమానం వస్తే కూల్చగల ఫిరంగివాడు కావాలని అన్ని దేశాలూ కలవరపడిన రోజులవి. యుద్ధం ముగిసేనాటికి రేడియోప్లేన్ కంపెనీ దాదాపు పదిహేను వేల గురి విమానాలు తయారుచేసింది. కొట్టులో పిల్లలకు పెట్టెలు కట్టి ఇచ్చిన చేతులకు అంత పని దొరికింది!

వాన్ నైస్‌లోని ఆ ఫ్యాక్టరీలో మగవాళ్లు యుద్ధానికి పోగా మిగిలిన పనిని ఆడవాళ్లే ఎక్కువగా చేసేవారు. వారిలో నోర్మా జీన్ అనే అమ్మాయి ఉండేది. పనిచేసే స్త్రీల ఫొటోలు తీయడానికి సైన్యం సినిమా విభాగం నుంచి డేవిడ్ కానోవర్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చాడు. పంపిన అధికారి రోనాల్డ్ రీగన్. తరువాత 1981లో అమెరికా అధ్యక్షుడైనది ఈయనే. పంఖా పట్టుకుని నవ్వుతూ నిలబడిన ఆ అమ్మాయి మార్లిన్ మన్రో అయింది. డెన్నీ గురించి ఎక్కడ రాసినా ఈ ముచ్చటే ముందు చెబుతారు. ఆయన పడిన పాట్లు ఆ నవ్వు వెనక్కి పోతాయి.

డ్రోన్ అన్న మాట మాత్రం డెన్నీ పెట్టింది కాదు. బ్రిటన్‌లో 1935లో మనిషి లేకుండా ఎగరేసిన గురి విమానానికి క్వీన్ బీ, అంటే రాణి తేనెటీగ అని పేరు. దాన్ని చూసి అమెరికా నౌకాదళంవారు తమదానికి పోతుటీగ అని అర్థం వచ్చే డ్రోన్ అనే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడా మాట మన చేలలోకి వచ్చి తిష్ఠ వేసింది.

1952లో రేడియోప్లేన్ కంపెనీని నార్త్‌రోప్ కంపెనీ కొనుక్కుంది. మనిషి లేని విమానం ఆపైన పోయిన దారి అందరికీ తెలుసు. బాంబులు మోసింది, ఇళ్లు కూల్చింది. పక్కింటి కుర్రవాడి కోసం మొదలైన పని అక్కడిదాకా పోవడం ఈ వ్యాసకర్తకు మింగుడుపడదు. అదే యంత్రం మందు ట్యాంకు కట్టుకుని మిరప చేను మీదికి వచ్చినప్పుడు కొంత ఊరట. గుంటూరు సమీపంలోని లాం కేంద్రంగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుబిడ్డలకు డ్రోన్ నడపడం నేర్పుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని పచ్చ, పసుపు, ఎరుపు భాగాలుగా విడదీసి, ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ కూడదో చెబుతున్నాయి. కాలేజీల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ పిల్లలు బాల్సా కర్రతో విమానం బొమ్మలు చేయడం ఎప్పటినుంచో ఉన్నదే. పత్తి కట్టె పీకేసిన వేసవి నల్లరేగడి నేలలో పదిమంది కుర్రవాళ్లు కలిసి ఒక క్లబ్బు పెట్టుకుంటే మైన్స్ ఫీల్డ్ కన్నా తక్కువ మైదానమేమీ కాదు. కరెంటు తీగలు లేని చోటు చూసుకోవాలి, అంతే.

డెన్నీ నటన ఎన్నడూ మానలేదు. ఓక్యూ-2కు మొదటి ఆర్డరు వచ్చిన 1940లోనే హిచ్‌కాక్ తీసిన రెబెక్కా చిత్రంలో ఎస్టేటు మేనేజరుగా కనిపించారు. 1966లో వచ్చిన బ్యాట్‌మన్ చిత్రంలోనూ ఉన్నారు. మరుసటి ఏడాది పుట్టిన ఊరు రిచ్‌మండ్ చూడబోయి అక్కడే 1967 జూన్ 16న కన్నుమూశారు. వయసు 75 ఏళ్లు. ఆయన నడిపిన సాప్‌విత్ స్నైప్ ఇప్పుడు కెనడాలో ఒటావా నగరంలోని విమాన మ్యూజియంలో ఉంది. ఓక్యూ-2 ఒకటి అమెరికాలోని డేటన్‌లో వైమానిక దళ మ్యూజియంలో పెట్టారు.