అట్టమీది బొమ్మల మాస్టారు వ.పా.

కశింకోట: పుస్తకం చేతికందగానే కథ చదవక ముందు అట్టమీది బొమ్మను చూసుకుని, మూలన ఉన్న 'వ.పా.' అనే పొడి అక్షరాలను వెతికిన పిల్లలు ఈ ప్రాంతంలో వేలమంది. ఆ అక్షరాల వెనుక ఉన్న వ్యక్తి శ్రీ వడ్డాది పాపయ్య. ఆయన మన కశింకోటలోనే ఉండేవారని చాలామంది పిల్లలకు తెలియదు. తెలియజేయాలన్న తాపత్రయం ఆయనకూ ఉండేది కాదు.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు మాస్టారు. ఇంట్లోనే కుంచె చేతికి వచ్చింది. రవివర్మ పటాలు చూసి గీస్తూ చెయ్యి తిప్పుకున్నారు. తర్వాత 'భారతి', 'యువ' వంటి పత్రికలు ఆయన బొమ్మలతో కళకళలాడాయి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో ప్రారంభించిన 'చందమామ' ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. చందమామ అనేక భాషల్లో వెలువడేది కనుక, తెలుగు అక్షరం రాని ఇళ్లలోనూ ఆయన బొమ్మలు చూశారు.

రంగులే ఆయన సొత్తు. ఆకాశం నీలంగానే ఉండాలన్న నియమం పెట్టుకోలేదు. నారింజ, ఊదా, ఆకుపచ్చ ఒకదానిలో ఒకటి కరిగిపోయేవి. పురాణ పురుషులు, గంధర్వ కన్యలు ఎంత వైభవంగా ఉండేవారో, ముక్కున నత్తుతో, కాళ్ల కడియాలతో మన ఉత్తరాంధ్ర పల్లెపడుచులూ అంత ఠీవిగా ఉండేవారు. సంతకు పోయే మనిషిని అప్సరస పక్కన నిలబెట్టినా చిన్నబోదనిపించేది.

ఈ వ్యాసకర్త బోర్డులు రాసి బతికినవాడు. రంగు కలపడం నేర్పిన గురువు వ.పా.యే, ఒక్కనాడూ కలవకపోయినా. చిన్నతనంలో గ్రంథాలయం పుస్తకానికి అట్ట చించి చొక్కాలో దాచుకున్న దొంగతనం కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ అట్ట ఇంకా నా దగ్గరే ఉంది.

పశ్చాత్తాపం మాత్రం పూర్తిగా కలగడం లేదు. ఎందుకంటే పాత సంచికలను బైండు చేయించేటప్పుడు అట్టలు తీసి పారేయడం మన దగ్గర మామూలే. కథలు మిగిలాయి, అట్టలు పోయాయి. వ.పా. పనిలో ఎక్కువ భాగం అట్టలమీదే కదా!

ఆయన 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. అటకలమీద పాత చందమామలు, యువలు ఉన్నవారు తూకానికి వేసే ముందు ఒక్కసారి అట్ట తిప్పి చూడాలని మనవి.